కండరమును కాచు పొర

పల్నాటి సీమలో బిడ్డ బలమే తల్లిదండ్రులకు గర్వకారణము. ఏటేట కార్తిక మాసమున కారెంపూడిలో వీరారాధన జరుగు నేల అది. బాలచంద్రుని కథ వినుచు పెరిగిన పిల్లలు కఱ్ఱ చేతబట్టి సాము చేయ నుత్సహింతురు. అట్టి సీమలో ఒక ఇంట నాలుగేండ్ల బాలుడు పరుగెత్తుచు మాటిమాటికి పడిపోవుచున్నచో పెద్దలు మొదట అంతగా పట్టించుకొనరు. 'కాలు తడబడుచున్నది, పెద్దవాడైనచో సర్దుకొనును' అని ఊరడింతురు. పిక్కలు లావుగా కనబడినచో 'గట్టి పిండము' అని మురిసిపోవుదురు కూడ.

కాని కొలది మాసములలో మరికొన్ని గుర్తులు తోచును. బాలుడు మెట్లెక్కునప్పుడు మోకాలిపై చేయి ఊనును. నడకలో పొట్ట ముందునకు, భుజములు వెనుకకు పోవును. నేలమీద కూర్చున్నవాడు ఒక్క ఉదుటున లేవలేక, మొదట చేతులు నేలకు మోపి, పిదప మోకాళ్లను, తొడలను పట్టుకొని, తన శరీరమును తానే నిచ్చెనవలె ఎక్కుచు నిలబడును. ఈ లేచు తీరును 1879లో ఆంగ్ల వైద్యుడు గవర్సు వర్ణించెను. నేటికిని వైద్యులు ఆ గుర్తును ఆయన పేరనే వ్యవహరింతురు. లావైన ఆ పిక్కలలో నున్నది బలము కాదు. క్షీణించిన కండరము స్థానమున క్రొవ్వును, నారను చేరి ఆ ఉబ్బును కలిగించుచున్నవి.

ఈ వ్యాధికి మస్క్యులర్ డిస్ట్రోఫీ అని పేరు. తెలుగున కండర క్షీణత అనవచ్చును. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలో ఇట్టి బిడ్డలున్న కుటుంబములను కదలించినచో మూడు ప్రశ్నలు వినవచ్చును. ఈ రోగము ఎందులకు వచ్చినది? మేనరికము చేసికొన్నందులకు వచ్చినదా? ఇక చేయదగిన దేమైన కలదా? ఈ మూడు ప్రశ్నలకును నేడు చాలవరకు సమాధానములు కలవు. వానిని వరుసగా వివరింప యత్నింతుము.

మన కండరము సన్నని పోగుల కట్ట. ఒక్కొక్క పోగు ఒక జీవకణము. దానిచుట్టు మిక్కిలి పలుచని పొర యొకటి కలదు. లోపల నున్న యంత్రాంగము ముడుచుకొనినప్పుడెల్ల ఆ లాగుడు పొరమీదుగా వెలుపలి నారకు, అందుండి ఎముకకు చేరును. మనము ఒక్క అడుగు వేసినను, ఒక్క ముద్ద ఎత్తినను ఈ పొర వేలకొలది చోట్ల లాగబడుచున్నది. ఇంత పలుచనిది ఆ లాగుడునకు చినుగక ఎట్లు నిలుచుచున్నది?

విద్యుత్తు మోటార్లు రాకముందు మన మెట్టసీమలో బావులనుండి కపిలతో నీరు తోడెడివారు. ఎడ్లు మోకును లాగ, తోలు బాన నిండి పైకి వచ్చెడిది. బరువంతయు తోలుమీదనే పడినచో ఆ బాన నాలుగు నాళ్లకు చినిగిపోవును. అందులకే బాన అంచున ఇనుప కట్టు వేసి, దానికి తోలును గట్టిగా కుట్టి, మోకును ఆ కట్టుకు తగిలించెడివారు. లాగుడు కట్టు అంతటను సమముగా పంచబడును గనుక తోలు నిలిచెడిది. కుట్లు తెగినచో ఎడ్లు లాగిన ప్రతిసారియు తోలు కొంచెము కొంచెముగా చిరుగును, నీరు కారిపోవును.

కండరపు పోగునకును ఇట్టి కట్టు కలదు. దానిలో ముఖ్యమైన మాంసకృత్తునకు డిస్ట్రోఫిన్ అని పేరు. అది పొర లోపలివైపున నుండును. దాని ఒక కొన లోపలి యంత్రాంగపు నారను పట్టుకొనును. మరియొక కొన పొరలో నాటుకొనియున్న ఇతర మాంసకృత్తుల గుంపును పట్టుకొనును. నడుమ నున్న పొడవైన భాగము లాగుడునకు సాగి మరల ముడుచుకొనును. కండరములోని మొత్తము మాంసకృత్తులలో ఇది లక్షకు రెండు వంతులు మాత్రమే. ఆ రెండు వంతులు లేకున్నచో పొర నడచిన ప్రతి అడుగునకును చిరుగును. ఆ చిరుగులగుండ సున్నపు ధాతువగు కాల్షియము లోపలికి చొరబడి పోగును నాశనము చేయును. లోపలి ఎంజైములు వెలుపలికి కారి రక్తములో కలియును. దేహము కొంతకాలము క్రొత్త పోగులను పుట్టించి లోటు పూడ్చుకొనును. ఆ శక్తి ఉడిగినపిమ్మట క్రొవ్వును, నారను నింపును.

ఈ సంగతి తెలియుటకు చాలకాలము పట్టినది. లండనులోని ఎడ్వర్డ్ మెరియన్ అను వైద్యుడు ఈ వ్యాధిగల బాలురను పరీక్షించి, అది కొన్ని కుటుంబములలో మగపిల్లలకే వచ్చుచున్నదనియు, కండరపు పోగులపై పొర శిథిలమై యున్నదనియు 1852లో ప్రకటించెను. ఫ్రాన్సుదేశపు వైద్యుడు డుషేన్ 1868లో దీనిని మరింత విపులముగా వర్ణించుటచే వ్యాధికి ఆయన పేరు నిలిచినది. ఆ పిమ్మట శతాబ్దమునకు పైగా మూలకారణము చీకటిలోనే యుండెను. 1986లో బోస్టన్ నగరమున లూయిస్ కుంకెల్ బృందము దీనికి కారణమైన జన్యువును పట్టుకొనినది. 1987లో ఆ జన్యువు నిర్మించు మాంసకృత్తును గుర్తించి డిస్ట్రోఫిన్ అని పేరిడిరి. పొర శిథిలమైనదని మెరియన్ చెప్పిన మాటకు 135 సంవత్సరముల పిదప ఋజువు దొరకినది.

ఆ జన్యువును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మానవుని జన్యువులలో మిక్కిలి పొడవైనవానిలో ఇది యొకటి. ఇది సుమారు 22 లక్షల రసాయన అక్షరముల గ్రంథము. ఐనను అందులో మాంసకృత్తును నిర్మించుటకు పనికివచ్చు అక్షరములు సుమారు 11 వేలు మాత్రమే, అనగా నూటికి అరవంతు. అవియు 79 ఖండములుగా చెదరియున్నవి. జీవకణము గ్రంథము నంతయు నకలు తీసి, నడుమనున్న వ్యర్థభాగములను కత్తిరించి, ఖండములను వరుసగా అతుకును. నకలు తీయుటకే సుమారు 16 గంటలు పట్టును. ఇంత పెద్ద గ్రంథమును తరతరములుగా వ్రాయుచుండ ఎక్కడనో ఒకచోట లేఖక దోషము దొర్లుట వింత కాదు.

దోషము దొర్లిన చోటునుబట్టియు, తీరునుబట్టియు వ్యాధి తీవ్రత మారును. కణము ఈ అక్షరములను మూడేసి చొప్పున చదువును. మనము 'కలప పడవ పలక పనస' అను నాలుగు మూడక్షరముల మాటలను కలిపి వ్రాసితి మనుకొందము. అందులో రెండవ మాటలోని మొదటి 'ప' ఒక్కటి జారిపోయినచో, మూడేసి అక్షరములుగా చదువువానికి 'కలప డవప లకప నస' అని వచ్చును. మొదటి మాట తప్ప తక్కినదంతయు అర్థములేని కూత. ఒక్క అక్షరము పోయినందున గ్రంథము నాశనమైనది. అట్లుగాక 'పడవ' అను మాట మొత్తము పోయినచో 'కలప పలక పనస' అని మిగులును. ఒక మాట తగ్గినను మిగిలినవి చెడలేదు.

డిస్ట్రోఫిన్ జన్యువులోను ఇట్లే జరుగును. వరుస తప్పినచో మాంసకృత్తు తయారు కానే కాదు. అదియే తీవ్రమైన డుషేన్ వ్యాధి. పెద్ద ముక్క పోయినను వరుస తప్పనిచో కుఱుచదైన మాంసకృత్తు తయారై కొంత పని చేయును. అది బెకర్ అను మృదువైన రూపము. ఆ వ్యాధి గలవారిలో ముప్పది నలుబది ఏండ్లు దాటినను నడచువారు కలరు. డుషేన్ వ్యాధి సుమారు మూడున్నర వేలనుండి ఐదు వేల మగ శిశువులలో ఒకరికి వచ్చును. చికిత్స లేనిచో పండ్రెండేండ్ల ప్రాయమునకు నడక పోవును. తరువాత శ్వాస కండరములును, గుండెయు బలహీనపడును.

ఇక రెండవ ప్రశ్న. ఇది మేనరికమువలన వచ్చినదా? దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పినచో పొరపాటగును. ఏలయన కండర క్షీణతలు పలు విధములు. వాని సంక్రమణ మార్గములును వేరు.

డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్స్ అను క్రోమోజోముపై నున్నది. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు. పురుషునకు ఒక్కటే, అదియు తల్లినుండి సంక్రమించినది. స్త్రీకి ఒకదానిలో దోషమున్నను రెండవది పని జరుపును గనుక ఆమె సాధారణముగా ఆరోగ్యవతియై యుండును. అట్టి స్త్రీని వాహకురాలు అందురు. ఆమెకు పుట్టు ప్రతి కుమారునకును వ్యాధి వచ్చు అవకాశము రెండింట ఒకటి. ప్రతి కుమార్తెయు వాహకురాలగు అవకాశము రెండింట ఒకటి. ఇందులో భర్త ఎవ్వరు అను ప్రశ్నకు తావు లేదు. ఆమె మేనమామను పెండ్లాడినను, వేయి మైళ్ల దూరమునుండి వచ్చిన పరాయివానిని పెండ్లాడినను లెక్క మారదు. కనుక డుషేన్ వ్యాధికి మేనరికమును నిందించుట శాస్త్రసమ్మతము కాదు.

అట్లని తల్లిని నిందింపవచ్చునా? అదియు కూడదు. మన ఇండ్లలో ఈ నింద ఎంత సులభముగా పుట్టునో, అది కోడలి బ్రతుకును ఎంత దుర్భరము చేయునో ఎల్లరకును తెలిసినదే. 1935లోనే జె.బి.ఎస్. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు రక్తస్రావ వ్యాధిని ఆధారముగా గొని గణితము వేసి చూపిన దొక సూత్రము కలదు. ఎక్స్ క్రోమోజోముపై నుండి, బాలురను సంతానము కలుగకుండగనే హరించు వ్యాధి ప్రతి తరములోను కొంత నశించుచుండును. ఐనను అది లోకములో తరుగక నిలిచియున్నదనిన, క్రొత్త దోషములు నిత్యము పుట్టుచుండవలెను. ఆ లెక్క ప్రకారము మూడింట ఒక వంతు బాలురలో దోషము వారియందే క్రొత్తగా పుట్టినది. తల్లియందు అది లేనే లేదు. ఉన్నను అది ఆమె చేసినది కాదు. తండ్రి కంటి రంగు బిడ్డకు వచ్చినట్లే పూర్వులనుండి తెలియకయే సంక్రమించినది.

హాల్డేన్ పేరు తెలుగువారికి క్రొత్త కాదు. ఆయన 1957లో ఇంగ్లండును విడిచి భారతదేశమున స్థిరపడి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన శిష్యులలో పిఠాపురమునకు చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1960 ప్రాంతమున ఆంధ్రదేశములోని రక్తసంబంధ వివాహములను గూర్చి శాస్త్రీయ పద్ధతిలో పరిశోధించి పత్రములు ప్రకటించినవారిలో ఆయన అగ్రగణ్యులు.

మేనరికము మన ప్రాంతమున ప్రాచీనమైన ఆచారము. మేనమామ కూతురును, మేనత్త కూతురును వివాహమాడుట దాక్షిణాత్యుల ఆచారమని బౌధాయన ధర్మసూత్రము పేర్కొనినది. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ శాసనములు క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుడు తన మేనత్త కుమార్తెలను పరిణయమాడినట్లు తెలుపుచున్నవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సైతము ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో సుమారు నాలుగింట ఒక వంతు మంది రక్తబంధువులను పెండ్లాడినవారే. పదునెనిమిది శతాబ్దములు నడచిన ఆచారమును ఒక్క మాటతో కొట్టివేయుట మా ఉద్దేశము కాదు. అది ఎక్కడ హాని చేయునో, ఎక్కడ చేయదో తెలిసికొనుట అవసరము.

హాని చేయు చోటు ఇది. డిస్ట్రోఫిన్ వెలుపలి కొన పట్టుకొనియుండు మాంసకృత్తుల గుంపును అమెరికాలో కెవిన్ కాంప్‌బెల్ బృందము 1990 ప్రాంతమున వెల్లడించినది. అందులో సార్కోగ్లైకన్ అను నాలుగు మాంసకృత్తులు పొరలో ఇమిడియుండును. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని వానికి పేర్లు. వాని జన్యువులు 1994 మొదలు 1996 లోపల ఒకటొకటిగా దొరకినవి. నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను తక్కిన మూడును పొరలో నిలువజాలవు. నాలుగు కాళ్ల మంచమునకు ఒక కాలు విరిగినట్లు గుంపంతయు కూలును. అప్పుడు వచ్చు వ్యాధి పైచూపునకు డుషేన్ వ్యాధివలెనే యుండును. పిక్కలు లావగును, తుంటి కండరములు క్షీణించును, లేచు తీరును అదే.

భేదము సంక్రమణములో నున్నది. ఈ నాలుగు జన్యువులును ఎక్స్ క్రోమోజోముపై లేవు. కనుక ఇది ఆడపిల్లలకును మగపిల్లలకును సమానముగా వచ్చును. దోషముగల ప్రతులు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చేరినప్పుడే వ్యాధి కలుగును. ఒక్క ప్రతి గలవారు ఆరోగ్యముగనే యుందురు. వారికి తమయందు అది కలదని కూడ తెలియదు. ఇక్కడనే మేనరికము లెక్కకు వచ్చును.

ఒక తాతయందు అట్టి దోషపు ప్రతి ఒకటి దాగియున్న దనుకొందము. ఆయన కుమారునకు అది చేరు అవకాశము రెండింట ఒకటి. కుమార్తెద్వారా మనుమరాలికి చేరు అవకాశము నాలుగింట ఒకటి. ఆ కుమారుడు తన అక్క కూతురును పెండ్లాడినచో ఇద్దరియందును దోషముండు అవకాశము ఎనిమిదింట ఒకటి. ఇద్దరియందు నున్నను బిడ్డకు రెండు ప్రతులును చేరు అవకాశము నాలుగింట ఒకటి. మొత్తముమీద ముప్పదిరెండింట ఒకటి. మేనమామ కూతురును పెండ్లాడినచో ఇదే లెక్క అరువదినాలుగింట ఒకటి అగును. ఆ మనుమడే పరాయి పిల్లను చేసికొన్నాడనుకొని, పరాయివారిలో రెండువందలకు ఒకరు వాహకులని లెక్కకొరకు భావించినచో, అవకాశము మూడువేల రెండువందలలో ఒకటికి దిగిపోవును. మేనరికపు సంతానములో అత్యధికులు ఆరోగ్యవంతులే అనుట నిజము. కుటుంబములో ఇట్టి దోషము దాగియున్నచో ప్రమాదము పదులరెట్లు పెరుగు ననుటయు నిజము.

మన తెలుగునాట ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి అధ్యయనము చేయుచునే యున్నారు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఎ.కె. మీనా, సి. సుందరం మొదలగువారు సార్కోగ్లైకన్ లోపములను గూర్చి 2007లో న్యూరాలజీ ఇండియా పత్రికలో పరిశోధన పత్రము ప్రకటించిరి. కండరమునుండి చిన్న ముక్క తీసి, దానిపై ఒక్కొక్క మాంసకృత్తును గుర్తించు రసాయనములను ప్రయోగించి సూక్ష్మదర్శినిలో చూచినచో, ఆరోగ్యవంతుని కండరమున ప్రతి పోగుచుట్టును పొర వలయమువలె కానవచ్చును. లోపమున్న చోట ఆ వలయము చెరగిపోయి యుండును. ఏ వలయము చెరగినదో దానినిబట్టి లోపించిన మాంసకృత్తును ఊహింతురు.

కావున వ్యాధికి కచ్చితమైన పేరు తెలియుటయే సమస్తమునకు మూలము. ఒకే ఊరిలో ఒకే తీరున నడచు ఇద్దరు బాలురలో ఒకని చెల్లెలు వాహకురాలు కావచ్చును, ఆమె ఎవరిని పెండ్లాడినను ఆమె కుమారులకు ప్రమాదము తప్పదు. రెండవవాని చెల్లెలు మేనరికము మానుకొన్నంతమాత్రమున ఆ ప్రమాదమును దాదాపుగా దాటిపోగలదు. పేరు తెలియనిచో ఇద్దరికిని తప్పు సలహాయే దొరకును.

పరీక్షలు ఇట్లు సాగును. మొదటిది సులభమైన రక్తపరీక్ష. క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము చిరిగిన కండరపు పోగులనుండి రక్తములోనికి కారుచుండును. దీనిని ఈ వ్యాధికి గుర్తుగా వాడవచ్చునని 1959లో జపాను శాస్త్రజ్ఞుడు ఎబాషి మొదలగువారు చూపిరి. ఆరోగ్యవంతులలో ఇది సామాన్యముగా రెండువందలకు లోపున నుండును. డుషేన్ వ్యాధిగల పసివానిలో వేలలో, ఒక్కొక్కప్పుడు పదివేలకు పైగా నుండును. ఎక్కువగా నున్నచో రక్తమునుండియే జన్యుపరీక్ష జరుపుదురు. డిస్ట్రోఫిన్ జన్యువులో ముక్కలు పోవుట, ఇనుమడించుట ఈ పరీక్షలో తేలును. అంతటితో తేలనిచో అక్షరము అక్షరముగా చదువుదురు. అప్పటికిని సందేహము తీరనిచో కండరపు ముక్క పరీక్ష అవసరమగును.

ఇచట తల్లిదండ్రులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. కాలేయమునకు జబ్బు చేసినప్పుడు పెరుగు రెండు ఎంజైములు కండరములోను కలవు. కండరము చిరిగినప్పుడును అవి రక్తమున పెరుగును. అందుచే ఈ బాలురకు కాలేయ వ్యాధి యని భ్రమపడి మాసముల తరబడి పసరులును, మందులును పోయుట కలదు. నడకలో లోపమున్న బిడ్డకు కాలేయ పరీక్ష తప్పుగా వచ్చినచో క్రియాటిన్ కైనేజ్ పరీక్ష కూడ చేయింపుడని వైద్యుని కోరవచ్చును. పదునెనిమిది మాసములు నిండినను నడవని మగశిశువునకును ఈ పరీక్ష చేయించుట మంచిది.

వ్యాధి నిర్ధారణ యైన పిదప తల్లికిని, అక్కచెల్లెండ్రకును వాహక పరీక్ష చేయింపవలెను. తల్లి రక్తములో దోషము కనబడకపోయినను ఆమె అండములలో కొన్నిటియందు అది దాగియుండు అవకాశము కొంత కలదు. కనుక మరియొక బిడ్డను కోరువారు గర్భము ధరింపకముందే జన్యువైద్యుని కలిసికొనవలెను. ఇట్టి వ్యాధులను తెలిసికొనుటకై గర్భస్థ శిశువును పరీక్షించుట 1994 నాటి చట్టము అనుమతించినదే. ఆడ మగ తెలుపుట మాత్రము నేరము. వాహకురాలైన స్త్రీకి గుండె కండరము బలహీనపడు అవకాశమున్నందున ఆమెయు అప్పుడప్పుడు గుండె పరీక్ష చేయించుకొనవలెను.

మూడవ ప్రశ్న, చేయదగిన దేమి? వ్యాధిని వేళ్లతో పెకలించు మందు లేదు. కాని జీవితమును సాగదీయు ఉపాయములు కలవు. ప్రెడ్నిసలోన్, డెఫ్లాజకార్ట్ అను స్టెరాయిడు మందులు డుషేన్ వ్యాధిలో నడకను కొన్ని ఏండ్లు నిలుపును, వెన్ను వంగుటను, శ్వాసలోపమును వెనుకకు నెట్టును. బరువు పెరుగుట, ఎముకలు పెళుసగుట వాని దోషములు. కనుక వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. తమంతట తాము హఠాత్తుగా మానివేసినచో ప్రాణాపాయము. చీలమండలు బిగుసుకొనకుండ ప్రతిదినము మెల్లగా సాగదీయవలెను. 'బలము వచ్చును' అని గుంజీలు తీయించుట, బరువులు మోయించుట, పరుగులు తీయించుట కూడదు. కుట్లు తెగిన బానను మరింత వడిగా లాగించినట్లగును. శస్త్రచికిత్స అవసరమైనచో మత్తు ఇచ్చు వైద్యునకు ఈ వ్యాధి సంగతి ముందుగా తెలుపవలెను. సక్సినైల్ కోలిన్ వంటి కొన్ని మత్తు సంబంధ ఔషధములు వీరికి అపాయకరములు. గుండెకును, శ్వాసకును కాలానుగుణముగా పరీక్షలు జరుపవలెను. ఇట్టి శ్రద్ధతో పూర్వము ఇరువది ఏండ్ల లోపే ముగిసిన జీవితములు నేడు ముప్పది ఏండ్లు దాటుచున్నవి.

జన్యు చికిత్సను గూర్చిన వార్తలు పత్రికలలో పాఠకులు చదివియుందురు. దోషమున్న ఖండమును దాటించి మిగిలిన అక్షరముల వరుసను సరిచేయు మందునకు అమెరికాలో 2016లో అనుమతి లభించినది. ఇందాకటి ఉదాహరణములో చెడిన మాటను మొత్తము తొలగించి తక్కినవానిని చదివించుట వంటిది ఇది. కుఱుచ చేసిన డిస్ట్రోఫిన్ జన్యువును అపాయములేని వైరసుద్వారా కండరములకు చేర్చు చికిత్సకు 2023లో అక్కడనే అనుమతి దొరకినది. దాని వెల 32 లక్షల డాలర్లు. 2025లో నడక పోయిన రోగులలో కాలేయము చెడి మరణములు సంభవించుటచే దాని వాడుకపై ఆంక్షలు విధింపబడినవి. ఆశకు తావున్నది, తొందరకు తావు లేదు. కండరములు తిరిగి మొలిపింతుమని చెప్పి ధనము గుంజువారిని మాత్రము నమ్మరాదు.

ప్రభుత్వ పక్షమున లభించు సహాయమును కూడ తెలిసికొనవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 లోపములలో మస్క్యులర్ డిస్ట్రోఫీ చేరియున్నది. దీనికి సదరం ధ్రువపత్రము పొందవచ్చును. మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర కండర క్షీణత రోగులకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024 జులై నుండి పింఛనును నెలకు 5,000 రూపాయలనుండి 15,000 రూపాయలకు పెంచినది. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానము క్రింద హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమును, నిజామ్స్ సంస్థను జంటగా ఒక విశిష్ట కేంద్రముగా నియమించిరి. పల్నాటి కుటుంబములకు మొదట గుంటూరు పెద్దాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ చేరువలో కలవు.

చివరగా ఒక మాట. కండరములు బలహీనమైనను ఈ బిడ్డలలో అత్యధికుల తెలివి చెక్కుచెదరదు. కొందరికి చదువులో కొంత తోడ్పాటు కావలసి యుండును. నడవలేనివానికి బడి యెందులకని మాన్పించుట వానిని రెండుమారులు శిక్షించుటయే. బడి మెట్లప్రక్కన ఒక వాలు బాట, క్రింది అంతస్తులో ఒక తరగతి గది, ఎత్తుకొని కూర్చుండబెట్టు ఇద్దరు తోటి విద్యార్థులు, ఇవి ఏ ఊరికిని భారము కావు. ఇంట పెద్దలు 'ఎవరివలన వచ్చినది?' అని వెదకుట మాని 'ఏ వ్యాధి?' అని వైద్యుని అడిగి, పరీక్షా పత్రములను జాగ్రత్తగా దాచియుంచినచో, రేపు ఆ ఇంటి ఆడపిల్ల పెండ్లి మాటలు సాగునాడు ఆ పత్రమే వారికి మార్గదర్శి కాగలదు.